హన్నా ఏటేటా కుట్టిన అంగీ

(సండే స్కూల్ టీచరమ్మ మొదటి వర్ధంతి నాడు పాలకీడులో ఒక పాస్టర్ చేసిన స్మారకోపన్యాసం పాఠం)



టీచరమ్మ పేరు నేను ఈ ప్రసంగంలో చెప్పను. "నేను పోయినాక ఫోటో పెట్టి దండలేయొద్దు, పేరు చెప్పి పొగడొద్దు అయ్యగారూ" అని మంచం మీద ఉన్నప్పుడు నా దగ్గర మాట తీసుకుంది. ఈ కూడిక జరగాల్సిందేనని మీరంతా పట్టుబట్టారు. పేరు మాత్రం చెప్పకుండా ఆ మాట నిలబెట్టుకుంటాను. మనందరికీ ఆమె టీచరమ్మే.

ఆమె చదువు ఏడో తరగతి దాకానే. వారమంతా వరండాలో మిషన్ తొక్కేది. ఆదివారం పొద్దున మన గుడిలో పిల్లలను కూర్చోబెట్టుకునేది. ముప్పై ఎనిమిదేళ్లు అట్లా నడిచింది. క్రిస్మస్ ముందు నెలరోజులు ఆ వరండాలో రాత్రి పన్నెండింటికి కూడా బల్బు వెలుగుతుండేది. ఊళ్లో సగంమంది పిల్లల గౌన్లు, చొక్కాలు అక్కడే కుట్టేది. డబ్బులు ఇచ్చినవాళ్ల దగ్గర తీసుకుంది, ఇవ్వలేనివాళ్లను అడగలేదు.

ఆమె పోయిన నెలకు వాళ్ల కోడలు ఒక లాంగ్ నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. అట్ట ఊడింది. పేజీల మీద మిషన్ నూనె మరకలు. కొలతల పుస్తకమనుకుని పక్కన పెట్టబోయాను. కొలతల పుస్తకమే, కాని ప్రతి కొలత పక్కనా ఇంకో రెండు ముక్కలు రాసి ఉన్నాయి. కొన్ని చదువుతాను. పేర్లు ఆమె కూడా రాయలేదు, ఇంటి గుర్తులే రాసుకుంది.

"కాలువ కట్ట ఇంటి చిన్నోడు. చొక్కా పొడవు 19, భుజం 11. చీకటంటే భయం. కరెంటు పోతే వెంటనే పాట ఎత్తుకోవాలె."

"హమాలీ కూతురు. గౌను పొడవు 26. రెండు వారాల నుంచి మాట్లాడట్లేదు. ఇంట్ల తాగుడు. వాక్యం అప్పజెప్పమని అడగొద్దు. దగ్గర కూసోబెట్టుకోవాలె."

"తండా పిల్ల. లంగా పొడవు 24. మన పాట వాళ్ల మాటల్ల పాడుతది. అందరి ముందు పాడించాలె."

ఇన్నేళ్లుగా నేను సంఘం రిజిస్టరు రాస్తున్నాను. ఎన్ని బాప్తిస్మాలు, ఎన్ని పెళ్లిళ్లు, కానుక ఎంత, ఆదివారం ఎంతమంది వచ్చారు, అన్నీ అందులో ఉన్నాయి. చీకటికి భయపడే పిల్లవాడు మాత్రం ఎక్కడా లేడు. అప్పటికి వాడు మన గుడిలో మూడేళ్లుగా ముందు వరుసలోనే కూర్చుంటున్నాడు.

పిల్లలను ఆత్మీయంగా పెంచడం గురించి మాట్లాడమని నన్ను అడిగారు. నాకు తెలిసిన ఒకే ఒక్క సంగతి ఆ నోటుబుక్కులో ఉంది: కొలత తీసుకోవడం. అది కూడా ప్రతి ఏడూ కొత్తగా.

సమూయేలు మొదటి గ్రంథం రెండో అధ్యాయంలో మనం గబగబా చదివి దాటిపోయే ఒక మాట ఉంది. హన్నా ఏటా భర్తతో కలిసి బలి అర్పించడానికి షిలోహుకు వెళ్లేటప్పుడు ఒక చిన్న అంగీ కుట్టి, అక్కడి మందిరంలో విడిచిన కొడుకు సమూయేలుకు తీసుకెళ్లేదని. నేను ఎన్నిసార్లు ప్రసంగించినా హన్నా ప్రార్థన గురించీ, ఆమె మొక్కుబడి గురించే చెప్పాను. టీచరమ్మ మాత్రం ఆ అంగీ దగ్గరే ఆగేది. "పిల్లగాడు కళ్ల ముందర లేడు. టేపు పెట్టి కొలవడానికి లేదు. పోయినేడు చూసిన భుజం ఈ ఏడుకు ఎంత పెరిగుంటదో ఆ తల్లి రోజూ మనసుల కొలుసుకుంటా ఉంటేనే అంగీ సరిపోతది. లేకుంటే దోవ పొడుగునా మోసుకపోయి తిప్పి తెచ్చుకోవుడే" అనేది.

ఈ సంగతి పాలకీడు తల్లులకు వేరే చెప్పక్కర్లేదు. మన పిల్లల్లో చాలామంది అయిదో తరగతికే గురుకులానికి వెళ్తున్నారు. పిల్లలను కలిసే ఆదివారం నాడు ఆ గేటు ముందు వేపచెట్టు కింద ఎంతమంది హన్నాలు నిలబడి ఉంటారో మీరు చూశారు. టిఫిన్ డబ్బాలో కోడికూర, కొబ్బరినూనె సీసా, బట్టల సబ్బు, బత్తాయిలు, ఒక జత కొత్త చెప్పులు. చెప్పులు తొడిగి చూస్తే మడమ బయటికి వస్తుంది. "అప్పుడే ఇంత పెరిగినవా బిడ్డా" అంటూ తల్లి ఆ పాదాన్ని కాసేపు అట్లాగే చేత్తో పట్టుకుని ఉంటుంది. నేను మొదటిసారి అది చూసింది మూడేళ్ల క్రితమే. అంతకుముందు ఆ ఆదివారాలన్నీ నేను ఇక్కడ ఆరాధన నడిపిస్తూ, "ఈ వారం తల్లులు తక్కువ వచ్చారు" అని మైకులో బాధపడ్డాను. హన్నా నాటి యాజకుడు ఏలీ కూడా అంతే. మందిరంలో పెదవులు కదిలిస్తూ ఏడుస్తున్న హన్నాను చూసి తాగి వచ్చిందనుకున్నాడు. తల్లుల విషయంలో పొరపడటం మా సేవకులకు ఆనాటి నుంచీ ఉన్నదే.

పదేళ్లకు గురుకులానికి వెళ్లిన పిల్లవాడు ఇంటర్ అయ్యాక తిరిగొస్తాడు. వాడికి మీసం వచ్చింది, గొంతు మారింది, సైన్సు చదివాడు, అన్ని మతాల స్నేహితులతో ఒకే గదిలో పడుకున్నాడు. మనం మాత్రం వాడు వెళ్లేనాటి పాటే పాడమంటాం, అప్పటి కంఠతవాక్యమే చెప్పమంటాం. పదేళ్లవాడి అంగీ పదిహేడేళ్లవాడికి తొడుగుతున్నాం. చంకల్లో పట్టేస్తే వాడి విశ్వాసం సడలిందంటున్నాం.

ఒక సెలవుల్లో ఒక పాప నన్ను అడిగింది: "అయ్యగారూ, మా హాస్టల్లో నాకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్న అమ్మాయి మనవాళ్లు కాదు. ఆమె నరకానికి పోతుందా?" నేను ఒక వాక్యం నెంబరు చెప్పాను. ఆ పాప తల ఊపింది. తర్వాత నన్ను ఏమీ అడగలేదు. ఇప్పటికీ వందనాలు చెబుతుంది, ప్రశ్న మాత్రం అడగదు. నేను చేసిన తప్పు అది. ఆ రోజు నేను ఆ అమ్మాయి గురించి అడగాల్సింది. ఏ ఊరు, ఎట్లా కూర్చుంది, నీ నుదుటి మీద తడిగుడ్డ వేసిందా అని. ఆ ప్రేమ ఎవరి నుంచి వచ్చిందో ఇద్దరం కలిసి ఆలోచించాల్సింది. నా దగ్గర జవాబు లేకపోతే లేదని చెప్పాల్సింది.

పిల్లల బట్టలు కుట్టేటప్పుడు టీచరమ్మ లోపల రెండంగుళాల గుడ్డ వదిలేది. పిల్ల పెరిగితే కుట్టు విప్పుకోవచ్చని. బయటికి కనపడదు, ఆ గుడ్డ వృథా అని కొందరు తల్లులు గొడవపడేవాళ్లు కూడా. మనం పిల్లలకు నేర్పే మాటల్లో లోపల అట్లా గుడ్డ వదలాలి. ఏడేళ్లప్పుడు చెప్పిన జవాబు పదిహేనేళ్లకు విప్పుకుని మళ్లీ కుట్టుకునే వీలుండాలి.

ఇక మన ఆదివారం సంగతి. ఆరాధన మూడు గంటలు. సౌండ్ బాక్సులు పెద్దవి కొన్నాం, చందాలేసి కీబోర్డు కొన్నాం. పిల్లలను మాత్రం "సప్పుడు చేయొద్దు" అని వరండాలోకి పంపి, పెళ్లికాని ఒక ఆడపిల్లకు అప్పగించాం. బైబిల్ క్విజ్ పెడితే ఇంగ్లీషు మీడియం పిల్లలే ప్రైజులు కొట్టుకుపోతారు. చదవడం సరిగా రాని పిల్ల చప్పట్లు కొట్టి ఇంటికి పోతుంది. అసలు సండే స్కూలు ఎవరికోసం పుట్టిందో మనం మరిచిపోయాం. 1780లో ఇంగ్లండులోని గ్లౌస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాయన దాన్ని మొదలుపెట్టింది వారంలో ఆరురోజులూ పనికి పోయే పేద పిల్లలకోసం. ఆదివారం ఒక్కటే వాళ్లకు ఖాళీ. అక్షరాలు నేర్పడమే మొదటి పని. మన దగ్గర మిరప ఏరే రోజుల్లో ఆదివారం కూడా ఖాళీ లేదు. తెల్లారేసరికి ఆటోలో తల్లితోపాటు పిల్ల కూడా ఎక్కుతుంది. సాయంత్రం వేళ్లు మండుతూ వస్తుంది. ఆ రెండు నెలలూ టీచరమ్మ తన బడిని రాత్రి ఏడింటికి మార్చింది. నేను ఆరాధన సమయాన్ని ఒక్క వారం కూడా మార్చలేదు.

మన పెద్దల చరిత్ర చెప్పేటప్పుడు మనకు అంకెలంటే ఇష్టం. కృష్ణ అవతల ఒంగోలు మిషన్‌లో 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని మహాసభల్లో చెప్పుకుంటాం. ఆ రోజు వెనుక యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి ఏళ్ల తరబడి పల్లెపల్లెకూ నడిచి చెప్పిన మాటలున్నాయి. దాని తర్వాత అక్కడి మిషనరీ క్లౌ దొర, ఆయన తోటివాళ్లు వాడవాడకూ పెట్టిన చిన్న బడులున్నాయి. మన వైపు చూసుకుంటే, నిజాం రాజ్యంలో నల్లగొండకు 1890 ప్రాంతంలో దక్షిణ రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు వచ్చారు. మెన్నోనైట్ రైతు కుటుంబాలవాళ్లు. తర్వాత సూర్యాపేటలోనూ మిషన్ స్టేషన్ వచ్చింది. వాళ్లు ముందు నేర్చుకున్నది మన మాట. మన మాట రాకుండా మన పిల్లల మనసు తెలియదని వాళ్లకు అర్థమైంది. ఇంట్లో పుట్టిన పిల్లల మాట నేర్చుకోవడానికి మనకెందుకు బద్ధకమో నాకు తెలియదు.

దోర్నకల్లు మనకు దూరం కాదు. అక్కడ 1912లో బిషప్ అయిన అజరయ్యగారి పూర్తి పేరు వేదనాయగం సమూయేలు అజరయ్య. పల్లెటూరి గురువు ఇంట, తల్లి ఎన్నో ఏళ్లు ప్రార్థించి ఎదురుచూశాక పుట్టిన కొడుకు కనుక హన్నా కొడుకు పేరే, సమూయేలు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల ముందు నిలబడి ఆయన ఒక సంగతి ధైర్యంగా అడిగారు. మీరు ఆస్తులిచ్చారు, ఒళ్లు దాచుకోకుండా సేవ చేశారు, అయినా మాకు మీ స్నేహం కావాలి అని దాని సారం. ఆ మాట విని కొందరు నొచ్చుకున్నారు కూడా. నేను మన పిల్లల ముఖాలు చూసినప్పుడల్లా అదే విన్నపం వినిపిస్తుంది. ఫీజులు కడుతున్నాం, బట్టలు కొంటున్నాం, సెలవుల్లో బైబిల్ బడి (వీబీఎస్) పెట్టి బిస్కెట్లు పంచుతున్నాం. పక్కన కూర్చుని ఒక గంట వాళ్ల మాట వినే పెద్ద మనిషి వాళ్లకు దొరకడం లేదు.

భయం గురించి కాస్త గట్టిగా చెప్పాలి. "అన్నం పారేస్తే దేవుడు కొడతాడు" అనే నాయనమ్మ దగ్గర మొదలవుతుంది. నరకం బొమ్మలు చూపించే కూటాల దాకా పోతుంది. దాన్ని మించింది ఇంకొకటుంది. ఒక ఇంట్లో తండ్రి కాలేయం చెడిపోయి చనిపోయాడు. మేమంతా ఉపవాస ప్రార్థన చేశాం. దినం నాడు ఎవరో "విశ్వాసం ఉంటే లేచేవాడు" అన్నారు. వాళ్ల తొమ్మిదేళ్ల కొడుకు మూడు నెలల తర్వాత టీచరమ్మను అడిగాడు: "నేను ఆ రోజు ప్రార్థనల నిద్రపోయిన. అందుకే సచ్చిపోయిండా?" మూడు నెలలు! ఆ చిన్న గుండె ఆ బరువు మోస్తూ బడికి పోయింది, గోలీలాడింది, నాకు వందనాలు చెప్పింది. టీచరమ్మ వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నువ్వు నిద్రపోతే యేసయ్య మేల్కొని ఉన్నడు బిడ్డా. నీ మీద కోపం లేదు" అని చెప్పిందట. నోటుబుక్కులో ఆ వారం వాడి పక్కన రాసుకుంది: "ప్రతివారం ఇదే మళ్ల చెప్పాలె." ఒక్కసారి చెబితే పోయే బరువు కాదని ఆమెకు తెలుసు. స్వస్థత గురించి ప్రసంగించే నా తోటి సేవకులారా, మీ ముందు చాప మీద అలాంటి బిడ్డ ఒకరు కూర్చుని ఉంటారని తలచి నోరు తెరవండి.

కాగితాల సంగతి కూడా దాచకుండా మాట్లాడదాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవుడైన దళితుడికి ఇవ్వలేదు, మన దగ్గర అతను బీసీ-సి. కనుక సీటు దగ్గర, స్కాలర్‌షిప్ దగ్గర ఇంట్లో గుసగుసలు మొదలవుతాయి. బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. "గుడికి పోతమని సారుకు చెప్పకు" అని పిల్లకు నేర్పుతాం. నేను ఏ తల్లిదండ్రులనూ నిందించను. కూలి చేసి బిడ్డను చదివించేవాడి కష్టం నాకు తెలుసు. నా బాధంతా ఆ గుసగుస మీదే. తన ప్రభువు పేరు దాచుకోవాల్సిన పేరని ఏడేళ్ల పిల్లకు అర్థమైపోతుంది. ఆ ఉత్తర్వు ఏమిటో, దానిమీద ఎందుకు కొట్లాట నడుస్తోందో పిల్లకు తగిన మాటల్లో విడమరిచి చెప్పండి. సిగ్గుపడాల్సింది తాను కాదని పిల్లకు తెలియాలి. ప్రేమవిందులో ఎవరు ఎవరి పక్కన కూర్చోరో, సంబంధాల మాటొస్తే ఏ కులం అని మనమే ఎట్లా అడుగుతామో కూడా ఆ పిల్ల చూస్తోంది. దాన్ని మాత్రం ఏ ఉత్తర్వు మీదకూ నెట్టలేం.

జాన్‌పహాడ్ ఉర్సు వచ్చే జనవరిలో మన రోడ్లన్నీ నిండిపోతాయి. హిందువులు, ముస్లింలు కలిసి వచ్చే దర్గా అది. ఒకప్పుడు నేను ఆ వారం వాళ్లను తక్కువ చేసి ప్రసంగించాను. పిల్లలు ఆ మాటలు పట్టుకుని బడిలో తోటి పిల్లలను వెక్కిరించారు. మన విశ్వాసం మనం గట్టిగా పట్టుకోవచ్చు, పొరుగువాణ్ని చులకన చేయనక్కర్లేదు. ఆ పిల్లల ఇళ్లకు వెళ్లి క్షమాపణ అడిగాను. మన పిల్లలను వెంటబెట్టుకునే వెళ్లాను.

పిల్లల క్షేమం దగ్గర మొహమాటం పనికిరాదు. ఈ గుడిలో ఏ పెద్ద మనిషీ, నాతో సహా, ఒక బిడ్డతో తలుపులు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ప్రార్థన పేరు చెప్పినా సరే. బిడ్డ వచ్చి ఫలానా అంకుల్ దగ్గరికి పోనంటే "పెద్దలను అట్లా అనొద్దు" అని నోరు మూయించకండి. 2012 పోక్సో చట్టం ప్రకారం, అలాంటి నేరం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడమూ నేరమే. 1098కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. సంఘం పరువు పోతుందని పెద్దల పంచాయితీలో కూర్చోబెట్టి సర్దిచెప్పే పని నేను చేయను, మిమ్మల్ని చేయనివ్వను. బిడ్డను బలిచ్చి కాపాడుకునే పరువు యేసు ప్రభువుది కాదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మీలో చాలామందికి తెలుసు, ఎవరూ నా ముందు అనలేదు. మా అబ్బాయి పదిహేడో ఏట గుడికి రానన్నాడు. ఆ ఆదివారం నేను వాణ్ని తిట్టిన తిట్లు నా భార్యకు, దేవునికి తెలుసు. సాయంత్రం టీచరమ్మ దగ్గరికి వెళ్లి వరండాలో కూర్చుని ఏడ్చాను. ఆమె మిషన్ ఆపి, కాసేపు చూసి, "పిల్లగాని గురించి ఏడుస్తున్నరా, సంఘం ఏమనుకుంటదో అని ఏడుస్తున్నరా అయ్యగారూ?" అంది. నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ పొద్దున నేను వాడితో అన్న మొదటి మాట "నలుగురూ ఏమనుకుంటారు" అనే. ఊరందరి పిల్లల పుట్టినరోజులకు వెళ్లి ప్రార్థన చేసినవాణ్ని, వాడి పదో తరగతి పరీక్షలప్పుడు ఏడు రోజుల ఉజ్జీవ కూటాల్లో ఉన్నాను. వాడికి నేను అందరి అయ్యగారినే. నాన్నగా దొరకలేదు.

ఏలీని నేను ఇప్పుడు తిట్టలేను. సొంత కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసులను అదుపు చేయలేకపోయాడు. కాని పరాయి తల్లి బిడ్డను దగ్గరపెట్టుకుని పెంచాడు. రాత్రిపూట ఆ బిడ్డ మూడుసార్లు లేపితే మూడోసారికి గ్రహించాడు, పిలుస్తున్నది దేవుడని. చూపు మందగించిన ముసలివాడు. నన్ను కాదని నా శిష్యుడితో ఎందుకు మాట్లాడుతున్నాడని అడగలేదు. వెళ్లి పడుకో, మళ్లీ పిలిస్తే ఇట్లా జవాబు చెప్పు అని నేర్పి పక్కకు తప్పుకున్నాడు. తెల్లారి ఆ బిడ్డ నోటి నుంచి తన ఇంటిమీద తీర్పు విని కూడా కోపగించుకోలేదు. పిల్లల దగ్గర పెద్దవాళ్లు చేయగల అతి కష్టమైన పని అదేనేమో. ఇంకో సంగతి కూడా బైబిలు దాచలేదు. ఆ సమూయేలు కొడుకులు యోవేలు, అబీయా బెయేర్షెబాలో న్యాయాధిపతులై లంచాలు తిన్నారు. హన్నా ప్రార్థన, ఏలీ పెంపకం, సమూయేలు భక్తి ఇన్ని ఉన్నా మూడో తరం దారి తప్పింది. ఇట్లా చేస్తే పిల్లలు తప్పక భక్తిలో నిలుస్తారని చెప్పే పుస్తకాలు నా బీరువాలో చాలా ఉన్నాయి. వాటిని మీకు ఇవ్వబుద్ధి కావడం లేదు.

మా అబ్బాయి ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. కొన్ని ఆదివారాలు గుడికి వెళ్తాడు, కొన్ని వెళ్లడు. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాడు. ఆ రోజు ప్రసంగం ఏమిటని అడుగుతాడు. నేను కూడా వాడి వారం ఎట్లా గడిచిందో అడిగి, మధ్యలో అడ్డం రాకుండా వింటున్నాను. ఇది టీచరమ్మ దగ్గర నేర్చుకున్నదే, చాలా ఆలస్యంగా.

ఆ నోటుబుక్కులో వాడి పేజీ కూడా ఉంది. చూడటానికి నాకు మూడు రోజులు పట్టింది. ఏటేటా కొలతలున్నాయి, నిక్కర్ల నుంచి ప్యాంట్ల దాకా. పదిహేడో ఏడు దగ్గర ఇట్లా రాసుంది: "అయ్యగారి అబ్బాయి. చొక్కా పొడవు 29, భుజం 17. గుడికి రానన్నడు. కొలత తీసుకునేటప్పుడు గంటసేపు మాట్లాడిండు. వాళ్ల నాయనకు చెప్పొద్దన్నడు. చెప్పలేదు. భుజం దగ్గర గుడ్డ వదిలిన, ఇంకా పెరుగుతడు."

వచ్చే ఆదివారం గురుకులంలో పిల్లలను కలిసే రోజు. ఆరాధన ఆ వారం శనివారం రాత్రే పెట్టుకుంటున్నాం, సంఘ పెద్దలు ఒప్పుకున్నారు. ఆదివారం పొద్దున ఏడింటికి గుడి ముందు నుంచి రెండు ఆటోలు బయల్దేరతాయి. తల్లిదండ్రులు రాలేని పిల్లలు పదకొండు మంది ఉన్నారు. వాళ్లకోసం ఒక్కొక్క ఇంటివాళ్లు ఒక్కొక్క డబ్బా తెస్తామన్నారు. డబ్బా మూత మీద పిల్ల పేరు రాయండి. చెప్పులు కొనేవాళ్లు వెళ్లేముందు ఒక్కసారి హాస్టల్‌కు ఫోన్ చేసి, ఇప్పుడు ఎన్నో నెంబరు పడుతోందో పిల్లనే అడగండి.